మూత కింద మనిషి – పదకొండో భాగం

కిందటి వారం తాతబాబు ఆసుపత్రి మెట్ల మీద రెండు మోకాళ్ళూ పట్టుకుని కూర్చుండిపోయాడు. జేబులో ఒక కవరు ఉంది. అది చేతికి రావడానికి ఆరు నెలలు పట్టింది. వచ్చాక దాన్ని విప్పాలంటే భయం వేసింది.

తాతబాబు పన్నెండేళ్ళు నేవీలో చేశాడు. డెబ్బై నాలుగులో మోకాళ్ళు చెడి ఇంటికి వచ్చాడు. ఊళ్ళో పొలం స్టీల్ ప్లాంటు కింద పోయింది. దువ్వాడ దగ్గర కాలనీలో ఇల్లు వేసుకుని, ఒక గోడౌన్‌కి వాచ్‌మన్‌గా చేరాడు. నలభై రెండేళ్ళు వచ్చేసరికి ఆ స్టూలు మీంచి కూడా లేవలేని స్థితికి వచ్చాడు. వైకల్యం పింఛను కోసం అర్జీ పెడితే రెండుసార్లు తిప్పికొట్టారు. "ఇది వయసుతో వచ్చే కీళ్ళ అరుగుదల. సర్వీసు వల్ల వచ్చినది కాదు." రెండు కాగితాల మీదా ఒకే ముక్క. ఇక మిగిలింది శుక్రవారం నాటి అప్పీలు బోర్డు. మోకాళ్ళు ఓడ మీదే దెబ్బతిన్నాయని కళ్ళారా చూసినవాడు సాక్ష్యం చెప్పాలి. అలా చూసినవాడు ఓడలో తనకి పైవాడైన శ్రీరామ్మూర్తి ఒక్కడే. ఆయన ఊపిరితిత్తుల జబ్బుతో మంచాన పడి ఉన్నాడు. కాదు కాదని చివరికి రాసిచ్చాడు గానీ, ఒక మాట తీసుకుని మరీ ఇచ్చాడు.

"ముందు ఎల్లారావు పెళ్ళాం పోతమ్మకి సదివి వినిపించు. ఒక్క అచ్చరం ఒదలొద్దు. తరవాతే బోర్డుకి ఇయ్యి. మళ్ళీ రాసిమ్మంటే నాను రాయలేను, తాతబాబూ. ఈ రెండు పేజీలకే నాలుగు రోజులు పట్టింది."

బోర్డువాళ్ళు ఇంగ్లీషులో రాయమన్నారు. ఆయన తెలుగులోనే రాశాడు. ఎందుకో తాతబాబుకి అర్థమైంది.

బుధవారం ఉదయం ఇంట్లో భార్య గౌరీశ్వరి అడిగింది, ఎక్కడికని.

"హార్బరుకి."

"ఇప్పుడేటి? ఆ ఇంటికి కార్తీకంలో గదా ఎల్తావు?"

అతను చొక్కా వేసుకున్నాడు. ఆమె అతని మోకాళ్ళకి గుడ్డపట్టీలు చుట్టింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ ఓడ గురించి అడగకూడదని ఆమె నేర్చుకుంది. నిద్రలో అతని కాళ్ళు అదిరిపడితే దుప్పటి సర్ది అటు తిరిగి పడుకునేది.

బస్సులో కిటికీ పక్కన చోటు దొరికింది. గాజువాక దాటాక కవరు విప్పాడు. మొదటి పేజీ చదివాడు. రెండో పేజీ తిప్పబోయి, మళ్ళీ మడిచి జేబులో పెట్టేశాడు. అందులో ఏముంటుందో తనకు తెలుసనే అనుకున్నాడు. తెలిసినదాన్ని రెండుసార్లు చదవడం ఎందుకనుకున్నాడు.

హార్బరులో చేపల వేలంపాట అప్పటికే ముగిసింది. ఐసు కొట్టేవాళ్ళు గోనెలు దులుపుకుంటున్నారు. మరబోట్లు ఒకదాన్నొకటి ఒరుసుకుని ఊగుతున్నాయి. పోర్టు వైపు నుంచి వచ్చిన ఎర్రటి ఖనిజం దుమ్ము ఆరబోసిన వలల మీద పేరుకుంది. షెడ్ల వెనక ఇసకలో పాత వల పరిచి, పోతమ్మ సన్నని నెత్తళ్ళ చేపలు ఎండబెడుతోంది. ముప్పై ఆరేళ్ళ మనిషి. ఎండకి నల్లబడిన ముఖంలో రూపాయి బిళ్ళంత కుంకుమ బొట్టు. చేతుల నిండా ఎర్ర గాజులు.

ఆ బొట్టు చూసినప్పుడల్లా తాతబాబు తల దించుకునేవాడు. తమతో ఓడలో పనిచేసిన ఎల్లారావు తుఫానులో పోయాడని సర్కారు ఎప్పుడో రాసేసుకుంది. పోతమ్మ ఇంట్లో ఎవరూ ఆ మాట ఒప్పుకోలేదు. శవం దొరకలేదు గనక మనిషి ఎక్కడో ఉన్నాడని అత్త అసిరమ్మ పట్టుపట్టింది. కెరటం ఈడ్చుకుపోయిన బెస్తవాడు ఏ ఒడ్డునో తేలి ఉండకూడదా అంది. కోడలి బొట్టు తియ్యనివ్వలేదు.

అతన్ని చూసి పోతమ్మ చేతిలోని చేట కింద పెట్టేసింది. చేతులు కొంగుకి తుడుచుకుంటూ ఎదురొచ్చింది.

"అన్నా! నువ్వేటి, ఇప్పుడు?" అంటూనే ఆమె గొంతు మారిపోయింది. "కబురేటైనా వచ్చిందేటి?"

ఏడాదికోసారి వచ్చే మనిషి వేళ కాని వేళ వస్తే ఆమెకి తోచింది అదొక్కటే. తాతబాబు ఆమె కళ్ళలోకి చూడలేకపోయాడు.

"కబురు కాదు పోతమ్మా. కాయితం."

"ఎవులు రాసినారు?"

"శ్రీరామ్మూర్తని, ఓడ మీద మా ఇద్దరికీ పెద్ద. ఆయన రాసినాడు. ముందు నీకు సదివి వినిపించి, తరవాత శుక్రవారం నా మోకాళ్ళ పింఛను బోర్డుకి ఇమ్మన్నాడు."

ఆమె ఒక ఐసుపెట్టె బోర్లా వేసింది. అతను కూర్చుంటుంటే మోకాళ్ళు ఎండుకర్ర విరిగినట్టు చప్పుడు చేశాయి.

"నీ కాళ్ళు మరీ పాడైపోనాయన్నా," అంది జాలిగా. ఎదురుగా ఇసకలోనే చతికిలబడింది. "సదువు మరి."

తాతబాబు కాగితం విప్పాడు. గాలికి రెపరెపలాడుతుంటే రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు.

"'నా పేరు శ్రీరామ్మూర్తి. నేవీలో పద్దెనిమిదేళ్ళు పనిచేశాను. ఇప్పుడు నేను రాస్తున్నది నా కళ్ళతో చూసినది. డెబ్బై రెండో సంవత్సరం తుఫానులో మా ఓడ నడిసముద్రంలో ఉంది. సాయంత్రం ఓడ ముక్కు దగ్గర రేకు చీలి, కింది సామాను గదిలోకి నీళ్ళు రావడం మొదలైంది. చీలికలో చెక్కలు దిగగొట్టి నీళ్ళు ఆపడానికి సుత్తి ఇచ్చి ఎల్లారావును కిందికి పంపాను.'"

"కిందికా?" అంది పోతమ్మ.

తాతబాబు కాగితం దించాడు.

"పైన గదా ఉన్నాడన్నావు? తాళ్ళు కడతంటే కెరటం ఒచ్చీసి ఈడ్సుకెళ్ళిపోయిందన్నావు? పన్నెండేళ్ళూ అదే గదా సెప్పినావు?"

"అవును."

"మరి ఇదేటి?"

"సదవనీ పోతమ్మా. మజ్జిలో ఆగిపోతే నాను మళ్ళీ సదవలేను."

ఆమె ఇసకలో కాస్త వెనక్కి జరిగింది. ముఖంలో జాలి పోయింది.

"'నీళ్ళు ఆగలేదు. ఆ గది నిండితే పక్క గదులకు పాకి ఓడ మునుగుతుందని భయం వేసింది. గదికి పైన ఇనప మూత ఉంది. దాన్ని దించాం. అంచు వంకర పోయి సరిగా కూర్చోలేదు. తాతబాబు దాని మీద మోకాళ్ళ మీద పడి ఒళ్ళు బరువంతా వేశాడు. నేను చుట్టూ క్లిప్పులు బిగించాను. లోపలి గాలీ నీళ్ళూ కలిసి మూతను ఎత్తి ఎత్తి వేశాయి. వేసినప్పుడల్లా అతని మోకాళ్ళు ఇనుముకి కొట్టుకున్నాయి. ముప్పావు గంట అలాగే ఉన్నాడు. చివరికి మరో ముగ్గురు వచ్చాక అతన్ని నలుగురం మోసుకెళ్ళాం. అతని మోకాళ్ళు ఈ స్థితికి రావడానికి కారణం అదే. మరొకటి కాదు.'"

మొదటి పేజీ అయిపోయింది. బోర్డుకి కావలసింది అంతా అందులోనే ఉంది. తాతబాబు రెండో పేజీ పైకి తీసి, మొదటి వాక్యం కళ్ళతో చదివాడు.

పోతమ్మకి అక్షరం రాదు. ఆ వాక్యం దాటేసినా ఆమెకి తెలియదు. ఇంత చదివి, ఇంతే రాశాడని కాగితం మడిచేయవచ్చు. ఆసుపత్రిలో ఉన్న మనిషి లేచి వచ్చి అడగడు. శుక్రవారం బోర్డు కాగితం తీసుకుంటుంది. ఇక్కడ ఇసకలో కూర్చున్న మనిషి బొట్టు అలాగే ఉంటుంది.

మోకాలిచిప్పల కింద, ఎముక లోపల, ఆ సుత్తి మళ్ళీ మోగింది. మొదట మూడు దెబ్బలు. కాస్త ఆగి, మళ్ళీ మూడు. పైనున్నవాళ్ళు పొరపాటున మూసేశారని, విని తీస్తారని అనుకుని కొట్టిన దెబ్బలు అవి. మర్యాదగా తలుపు తట్టినట్టు ఉన్నాయి. తరవాత లెక్క లేకుండా, ఎడతెగకుండా కొట్టాడు. ఆ తరవాత ఒక్కొక్కటి. ఒక్కొక్క దెబ్బకీ మధ్య దూరం పెరిగింది. ఇనుములోంచి ఎముకలోకి దిగిన ఆ దెబ్బల్ని ఏ ఎక్స్‌రే ఫిలిమూ చూపించలేదు. డాక్టర్లు ఫిలిమును వెలుతురుకి ఎత్తి పట్టుకుని అరుగుదల అన్నారు. అతను ప్రతిసారీ తల ఊపి వచ్చేశాడు.

"ఆగిపోయావేటి?" అంది పోతమ్మ.

"'మూత వేసేటప్పుడు...'" మళ్ళీ మొదలుపెట్టాడు. "'మూత వేసేటప్పుడు ఎల్లారావు లోపలే ఉన్నాడు. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు.'"

ఎక్కడో ఒక బోటు ఇంజను స్టార్టయి ఆగిపోయింది. కాకులు నెత్తళ్ళ మీద వాలాయి. పోతమ్మ వాటిని అదిలించలేదు.

"మల్లీ సదువు," అంది.

మళ్ళీ చదివాడు.

"ఆడు లోపలుంటే నువ్వు పైన మూత మీద కూకున్నావా?"

"కూకున్నాను."

"ఆడు పిలిసినాడా?"

"మాట వినబళ్ళేదు. సుత్తితో కొట్టినాడు."

ఆమె రెండు చేతులూ ఇసకలోకి దిగబడ్డాయి. తాతబాబు పన్నెండేళ్ళుగా ఊహించుకున్న ఏడుపు రాలేదు. అది రాకపోయేసరికి అతనే ఆగలేక మొదలుపెట్టాడు.

"నాను తీద్దామన్నాను పోతమ్మా. ఒట్టు. మూత కిందకి ఏళ్ళు పెట్టీసి ఎత్తబోయాను. ఎల్లారావు బావ లోపలున్నాడని అరిసినాను. పైనుంచి ఆర్డరొచ్చింది, మూసీమన్నారు, ముట్టుకోకు అని ఆయనన్నాడు. ఆర్డరంటే మా కాడ మరింక మాట నేదు. ఓడలో ఇంకా తొంభై మందున్నారు. నాను ఆయన కింద సిన్నోడ్ని. ఆర్డరుని నానేటి సేత్తాను?"

ఈ మాటలు అతను లోపల్లోపల వేలసార్లు అనుకున్నవి. మోకాళ్ళు పీకే ప్రతి వేకువనా ఈ ఒక్క మాట పట్టుకుని లేచేవాడు. ఆర్డరు వచ్చింది. చేశాను.

"ఇంకా రాసినాడు గదా," అంది పోతమ్మ అతని చేతిలోని పేజీ చూస్తూ. సగానికి పైగా సిరా ఉంది. "అదీ సదువు."

అతను కళ్ళు తుడుచుకుని చదవసాగాడు.

"'తాతబాబు మూత ఎత్తబోయాడు. ఎత్తితే నీళ్ళు తన్నుకొస్తాయని నాకు భయం వేసింది. పైనుంచి ఆర్డరు వచ్చిందని అతనితో చెప్పాను. ఆర్డరు...'"

అక్కడ ఆగిపోయాడు. ఆ ముక్కని కళ్ళతో మళ్ళీ చూశాడు. మసక కమ్మిందనుకుని కాగితం ముఖం దగ్గరికి తెచ్చుకున్నాడు.

"ఏటయ్యింది?"

"'ఆర్డరు రాలేదు.'" ఆ గొంతు అతనిది కానట్టు ఉంది. "'పైకి మాట్లాడే ఓడ ఫోను అప్పటికే చచ్చిపోయి ఉంది. పైవాళ్ళకి మా సంగతే తెలియదు. ఆ మాట నా అంతట నేను అన్నాను. మూయకపోతే ఓడ మునిగేదో, ఆ కాసేపట్లో ఎల్లారావు పైకి వచ్చేవాడో, నాకు ఇప్పటికీ తెలియదు. తెలుసుకోవడానికి వీలు లేకుండా నేనే చేశాను. తాతబాబు నా మాట నమ్మాడు. ఇన్నేళ్ళూ అతన్ని నమ్మనిచ్చాను.'"

కాగితం ఒళ్ళో పడింది. తాతబాబు దాన్ని చూడటం లేదు. ఎదురుగా సముద్రం ఉంది. దాన్నీ చూడటం లేదు. ఆరు నెలలుగా ఆసుపత్రి చుట్టూ తిరిగినప్పుడు ఆ మనిషి ఎందుకు ముఖం తిప్పుకున్నాడో ఇప్పుడు తెలిసింది. జబ్బు వల్ల అనుకున్నాడు. పాత స్నేహితుడి మోకాళ్ళ మీద జాలి లేదేమో అనుకుని ఒకసారి తిట్టాడు కూడా.

"ఎవులూ సెప్పకుండానే..." అన్నాడు తనలో తాను. "ఎవులూ మూసీమననేదు. మరి నానెందుకు..."

"నీ సంగతి తరవాత," అంది పోతమ్మ. కఠినంగా అనలేదు. పని మధ్యలో ఉన్న మనిషి అన్నట్టు అంది. "సివర దాకా సదువు."

మిగిలింది నాలుగు వాక్యాలు. అతను కాగితం ఎత్తి, అచ్చుతప్పులు చూసేవాడిలా ఒక్కొక్క మాటే పలికాడు.

"'విచారణలో ఎల్లారావు డెక్కు మీంచి కొట్టుకుపోయాడని చెప్పాను. తాతబాబు ఆసుపత్రి మంచం మీద నేను చెప్పినట్టే సంతకం పెట్టాడు. ఓడ రేవుకి చేరాక ఆ గది తెరిస్తే లోపల ఎవరూ లేరు. చీలిక మనిషి పట్టేంత పెద్దదైంది.'"

పోతమ్మ ఒక్కసారిగా మోకాళ్ళ మీదకి లేచింది.

"ఎవులూ నేరా? లోపల నేడా?"

"నేడు."

"అయితే ఆ సందులోంచి బయటికి ఎల్లాడేమో! ఆడికి ఈత రాకా? సిన్నప్పట్నుంచీ సముద్రంలోనే గదా పెరిగినాడు. నువ్వు మూసీసినావని అటు ఎల్లిపోయుంటాడు. ఏ ఒడ్డుకో..."

ఆమె కళ్ళలోకి ఇందాక కబురు అడిగినప్పటి ఆశ మళ్ళీ వచ్చింది. అబద్ధం చెప్పనక్కరలేదు, ఊరుకుంటే చాలు. తాతబాబు నోరు తెరవడానికి ఒళ్ళంతా కూడదీసుకోవలసి వచ్చింది.

"నేదు పోతమ్మా. సుత్తి ఆగిపోయాక కూడా నాను మూత మీదే ఉన్నాను. ఆడు కొడతన్నంతసేపూ మూత కిందే ఉన్నాడు. అటు ఎల్లనేదు. మనం తీస్తామని అక్కడే ఉన్నాడు. సివరికి దెబ్బకి బలం నేదు. తరవాత దెబ్బే నేదు. సముద్రం తీసుకెళ్ళింది ఊపిరి నేని మనిషిని."

ఆమె మెల్లిగా మళ్ళీ కూర్చుంది. ఎండ నడినెత్తికి వచ్చింది. పక్క షెడ్డు నుంచి ఎవరో ఆమెని పిలిచి, జవాబు రాక వెళ్ళిపోయారు.

"నూకాలుని ఎరుగుదువా?" అంది.

"బోటు నడిపే నూకాలా?"

"ఆడే. నన్ను మనువాడతానని తొమ్మిదేళ్ళు అడిగినాడు. మా కులంలో తప్పు కాదు. మా అత్తని కూడా సూసుకుంటానన్నాడు. మంచోడు. తాగడు." నెత్తళ్ళ మీది కాకిని చూస్తూ చెప్పింది. "తొమ్మిదేళ్ళు నేదన్నాను. ఇంటోడు బతికున్నాడు, ఒచ్చేస్తే ఏటి మొకం పెట్టుకుని సూడాల అన్నాను. పోనేడాది ఆడు భీమిలి పిల్లని సేసుకున్నాడు. పెళ్ళికెళ్ళి నానే పసుపు దంచినాను."

తాతబాబు వల మీంచి జారిన ఒక చేపని తీసి మళ్ళీ వల మీద పెట్టాడు.

"ఏడాదికోపాలి ఒచ్చేవోడివి. మా ఇంట అన్నం తినేవోడివి. మా అత్త నీ సెయ్యట్టుకుని నా కొడుకు ఈతగాడు గదయ్యా అని అడిగితే, అవునమ్మా అనేవోడివి. ఒక్కపాలి నా సెవిలో సెప్పలేకపోయావా అన్నా? అత్తకొద్దు. లోకానికొద్దు. నా ఒక్కదానికి."

"భయమేసింది."

"ఇప్పుడెయ్యలేదా?"

అతను మోకాలి పట్టీల మీద చేతులు పెట్టుకున్నాడు. జవాబు ఆమెకి అప్పటికే తెలుసు.

"నా కోసం సెప్పలేదు నువ్వు. నీ మోకాళ్ళ కోసం సెప్పినావు."

ఆమె లేచి నిలబడింది. వంగి, అతని ఒళ్ళోంచి రెండు పేజీలూ తీసుకుంది. అతను అడ్డుపడలేదు. ఏం జరుగుతోందో తెలియడానికే కాస్త సమయం పట్టింది. ఆమె కాగితాలు చదరంగా మడిచి, రెవికలో దోపుకుంది.

"పోతమ్మా, శుక్రవారం బోర్డు. అదొక్కటే ఉంది. ఆయన మళ్ళీ రాయలేడు."

"తెలుసు. బతికేడా ఇంకా, రాసినాయన?"

"ఉన్నాడు."

"మాటాడతాడా?"

"కొద్దికొద్దిగా. ఊపిరి అందదు. పోతమ్మా, నువ్వు ఏటి సేత్తావు? ఆయన దగ్గరకి ఎల్తావా? పెన్షనాఫీసుకా? నీకేటి కావాల? సెప్పు, నానూ వత్తాను."

"నువ్వు ఉండన్నా," అంది. "మూత మీద ముప్పావుగంట ఉన్నావు గదా. పెట్టె మీద కూసింతసేపు ఉండు."

చేట ఎత్తి నెత్తళ్ళ మీద బోర్లించింది. కొంగు బిగించి, షెడ్ల మధ్యగా రోడ్డు వైపు నడిచింది. తాతబాబు లేవబోయాడు. కుడి మోకాలు పట్టేసింది. ఎడమదాని మీద బరువు వేస్తే అది మడత పడిపోయింది. ఎండు చేపల మధ్య చేతుల మీద పడ్డాడు. "పోతమ్మా!" అని అరిచాడు. ఐసు కొట్టే ఇద్దరు పరుగెత్తుకొచ్చి జబ్బలు పట్టుకుని లేపారు. ఏమయిందని అడుగుతున్నారు. అతను రోడ్డు వైపే చూస్తున్నాడు.

ఆమె ఇల్లు కుడివైపు ఉంది, కూతవేటు దూరంలో. ఆమె అటు తిరగలేదు. స్టాపులో ఆగిన సిటీ బస్సు ఎక్కింది. కండక్టరు విజిల్ వేశాడు. బస్సు దుమ్ము లేపుకుంటూ మలుపు తిరిగింది.

ఆ బస్సు దారిలో ముందు శ్రీరామ్మూర్తి ఉన్న ఆసుపత్రి వస్తుంది. అది దాటాక పెన్షనాఫీసు ఉన్న నేవీ గేటు వస్తుంది. పోతమ్మ ఏ స్టాపుకి టికెట్టు తీసుకుందో తాతబాబుకి తెలియదు. వెంట వెళ్దామంటే తరవాతి బస్సుకి ఇంకా అరగంట ఉంది.